కెమెరా సరే... ఫోను ఎవరి చేతిలో?

అద్దె ఇంట్లో దిగేటప్పుడు ఇంటివాళ్లు పెట్టే షరతులు ఏ ఊళ్లో అయినా దాదాపు ఒకటే. ఐదో తారీఖులోపు అద్దె ఇవ్వాలి, రాత్రి పదిన్నరకి గేటుకి తాళం పడుతుంది, మోటారు మేమే వేస్తాం, గోడలకి మేకులు కొట్టకూడదు. మొదటి మూడింటి దగ్గర కాస్త బతిమాలితే సర్దుకుంటారేమోగానీ నాలుగోదాని దగ్గర మాత్రం ససేమిరా! దేవుడి పటానికే మేకు దొరకని ఇళ్లలో ఇక కెమెరా ఎక్కడ పెట్టిస్తాం? డ్రిల్లింగ్ మిషను పట్టుకుని కుర్రాడొస్తాడు, గోడకి నాలుగు కన్నాలు పెడతాడు, హాలు పొడుగునా తెల్ల వైరు లాగుతాడు, ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో కోత పడుతుంది. ఈ భయంతోనే చాలామంది ఆడవాళ్లు 'మనకెందుకులే, ఉన్న గడియ చాలు' అనుకుని ఊరుకుంటున్నారు.

ఊరుకోనక్కర్లేదు. మేకు కొట్టకుండా, కన్నం పెట్టకుండా, వైరింగు ముట్టుకోకుండా కెమెరా పెట్టుకునే వీలు ఇవాళ ఉంది. రెండు వేల రూపాయలు అటూ ఇటూగా ఖర్చు, మధ్యాహ్నం వంటయ్యాక ఒక గంట తీరిక... అంతే. అది ఎలాగో చెబుతాను. కానీ ఆ కెమెరా ఎటు చూస్తోంది, దాని బొమ్మ ఎవరి ఫోన్లో కనిపిస్తోంది... ఈ రెండూ తేలకుండా దాన్ని గడప దాటి లోపలికి రానివ్వకూడదన్నది నా అభిప్రాయం. అసలు గొడవంతా అక్కడే ఉంది మరి.

మన ఇళ్లలోకి ఇలాంటి వస్తువులు ఎలా వస్తాయో మీకు తెలియంది కాదు. ఆయన ఆర్డరిస్తారు. మరిదో, మేనల్లుడో వచ్చి బిగిస్తాడు. యాప్ ఆయన ఫోన్లో ఉంటుంది, పాస్‌వర్డ్ బిగించినవాడికి గుర్తుంటుంది. పగలంతా ఇంట్లో ఉండి తలుపు తీసేది మాత్రం ఇల్లాలు! బెల్లు మోగితే గుమ్మంలో ఎవరున్నారో ఎక్కడో ఆఫీసులో కూర్చున్న ఆయనకి తెలుస్తుంది. తలుపుకి ఇవతల నిలబడ్డ ఆవిడకి తెలియదు. చిత్రంగా లేదూ?

రోజుకి ఎన్నిసార్లు తలుపు తీస్తామో ఒక్కసారి లెక్కపెట్టుకోండి. పాలు, పేపరు, నీళ్ల క్యాను, గ్యాసు, కరెంటు మీటరు, కొరియరు, 'మేడం, ఫిల్టరు సర్వీసింగ్' అంటూ వచ్చేవాళ్లు, చందా పుస్తకాలవాళ్లు. వీళ్లలో నూటికి తొంభైతొమ్మిది మంది మంచివాళ్లే, వాళ్ల పని వాళ్లు చేసుకుపోతారు. కానీ ఆ మిగిలిన ఒక్కడు ఎవరో మొహం చూసి చెప్పలేం కదా! తలుపు తీశాక తెలిసేకంటే తీయకముందే తెలిస్తే మనకి ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. ఒంటరిగా ఉద్యోగాలు చేసుకునే అమ్మాయిలకీ, పిల్లలు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉండగా ఇక్కడ ఇద్దరే మిగిలిన పెద్దవాళ్లకీ ఈ అవసరం ఇంకా ఎక్కువ.

ఒక మాట ముందే చెప్పేస్తాను. కెమెరా దొంగని ఆపదు. చూస్తుంది, చెబుతుంది, అంతవరకే. తలుపు లోపలివైపు గొలుసు, గట్టి గడియ, వెనకవైపు తలుపుకి అడ్డకమ్మీ... ఇవి లేకుండా కెమెరా కొనడం గొడుగు లేకుండా వాన లెక్కలు వినడం లాంటిది. ఇక నాలుగు రోజులు తాళం వేసి ఊరెళ్లేవాళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్' అని ఒక ఏర్పాటు తెచ్చారు. 2017 నాటికే కొన్ని నగరాల్లో మొదలైంది. ఊరెళ్లే ముందు కబురు చేస్తే పోలీసులే ఇంటికొచ్చి కదలికని పసిగట్టే కెమెరా ఉచితంగా పెడతారు, ఎవరైనా జొరబడితే కంట్రోల్ రూముకి తెలుస్తుంది. మీ పేటలో అది ఎలా నడుస్తోందో స్టేషనులో ఒకసారి అడగండి. అడగడానికి మొహమాటం దేనికి?

ఈ కెమెరా పుట్టింది ఒక ఆడమనిషి బుర్రలో

ఇంటి కెమెరా అనగానే మగవాళ్ల యంత్రమనీ, మనకి అర్థం కాదనీ ఒక భావం మనలో పాతుకుపోయింది. న్యూయార్కులో క్వీన్స్ అనే పేటలో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నల్లజాతి నర్సు ఉండేది. ఆవిడ డ్యూటీ వేళలు ఒక తీరుగా ఉండేవి కావు. భర్త ఆల్బర్ట్ ఎలక్ట్రానిక్స్ పనివాడు, అతని వేళలూ అంతే. ఇంట్లో ఒక్కతే ఉన్నప్పుడు తలుపు చప్పుడైతే భయం, పేటలో నేరాలెక్కువ, పిలిస్తే పోలీసులు తొందరగా రారు. ఆవిడ కూర్చుని ఆలోచించి, భర్త సాయంతో ఒక ఏర్పాటు తయారుచేసింది. తలుపుకి వేర్వేరు ఎత్తుల్లో చూపు కంతలు, వాటి వెనక పైకీ కిందికీ జరిగే కెమెరా. వచ్చినవాడు పొడుగైనా పొట్టైనా మొహం కనిపించాల్సిందే! ఆ బొమ్మ పడకగదిలో టీవీ తెరమీద వస్తుంది. వచ్చినవాడితో లోపల్నించే మాట్లాడొచ్చు. మనవాడైతే మీట నొక్కి అక్కడినించే తలుపు తీయొచ్చు, కాకపోతే ఇంకో మీట నొక్కి సాయానికి కబురంపొచ్చు. 1966లో పేటెంటుకి దరఖాస్తు పెడితే 1969 డిసెంబరులో వచ్చింది.

ఆ ఏర్పాటులో నన్ను ఆకట్టుకున్న సంగతి ఇంకొకటుంది. కెమెరా కన్ను వీధివైపు ఉంది, తెర ఆవిడ పక్కన ఉంది, మీట ఆవిడ చేతికింద ఉంది. అరవయ్యేళ్ల తరవాత మన ఇళ్లలో పెడుతున్న కెమెరాల్లో ఎన్ని అలా ఉన్నాయి చెప్పండి?

కన్నం లేకుండా ఎక్కడెక్కడ?

సరే, పనిలోకి దిగుదాం. ఇంటావిడకి చెప్పాలా అంటే, చెప్పడమే మర్యాద. 'గోడ ముట్టుకోనండీ, వెళ్లేటప్పుడు నాతో తీసుకుపోతాను' అంటే కాదనేవాళ్లు తక్కువ.

అన్నిటికంటే తేలిక మార్గం తలుపుకి ఇప్పటికే ఉన్న మ్యాజిక్ ఐ. దాన్ని విప్పి అదే కంతలో బిగించే కెమెరాలు వస్తున్నాయి. బయట చిన్న కన్ను, లోపలివైపు అరచేతిలో సగమంత తెర. కొన్నిటికి ఫోనూ అక్కర్లేదు, వై-ఫై కూడా అక్కర్లేదు. కళ్లు సరిగా ఆనని పెద్దవాళ్లకి ఇది ఎంత సుఖమో! కొనేముందు తలుపు మందం, కంత వెడల్పు కొలుచుకుని వెళ్లండి. పాత మ్యాజిక్ ఐ పారేయకుండా ఒక కవర్లో దాచండి, ఇల్లు ఖాళీ చేసేరోజున మళ్లీ బిగించాలి.

రెండోది బల్బు కెమెరా. గుమ్మం ముందు దీపం తీసేసి ఆ హోల్డర్లోనే తిప్పి పెట్టేస్తారు, కరెంటు అక్కడినించే వస్తుంది. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది పిన్ను హోల్డరు, కొన్ని కెమెరాలేమో మరతో వస్తాయి. ఆ తేడా సరిపెట్టే చిన్న ముక్క ఎలక్ట్రికల్ షాపులో అడిగితే ఇస్తారు. వైరుకి వేలాడే హోల్డరుకి దీన్ని పెట్టకండి, బరువుకి ఊగుతుంది. దీంతో ఒక తిరకాసుంది. దీపం స్విచ్చి ఎప్పుడూ వేసే ఉండాలి. మన ఇంట్లోనేమో తెల్లవారగానే ఎవరో ఒకరు అలవాటుకొద్దీ ఆర్పేస్తారు, దాంతో కెమెరా నిద్రపోతుంది. ఆ స్విచ్చిమీద ఒక ముక్క టేపు అంటించడం తప్ప మందు లేదు.

మూడోది మన దేశవాళీ పద్ధతి. మన ఇళ్లకి వరండాలకీ కిటికీలకీ గ్రిల్లులున్నాయి కదా! గ్రిల్లు ఊచకి క్లాంపుతోనో, రెండు కేబుల్ టైలతోనో కెమెరాని కట్టేస్తే అది కదలదు. వైరు కిటికీ సందులోంచి లోపలికి తెచ్చి మామూలు ఫోన్ ఛార్జరులా ప్లగ్గులో పెట్టుకోవచ్చు. కెమెరా వానకి తడిసినా తట్టుకునే రకమో కాదో డబ్బామీద చూసుకోండి. అది తట్టుకున్నా ఛార్జరు తట్టుకోదు, అందుకని ఛార్జరు మాత్రం ఎప్పుడూ లోపలే.

అంటించే టేపు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అందరూ బోల్తా పడేది ఇక్కడే. షాపువాడు డబుల్ సైడ్ టేపు ఇచ్చి 'అంటించేయండి మేడం' అంటాడు. సున్నం వేసిన గోడకి ఏ టేపూ నిలవదు. టేపు గట్టిదే, ఊడేది సున్నం! డిస్టెంపరు కూడా పొరలా లేచొస్తుంది, అప్పుడు మేకు కొట్టినదానికంటే పెద్ద మచ్చ పడుతుంది. టైల్సు, అద్దం, పాలిష్ చేసిన తలుపు చెక్క, ఇనప బీరువా... ఇలాంటి నున్నటివాటికే టేపు అంటుతుంది. ముందు దుమ్మూ జిడ్డూ పోయేలా స్పిరిటుతో తుడిచి ఆరనివ్వాలి. అంటించాక అరనిమిషం గట్టిగా అదిమిపెట్టాలి, ఆ తరవాత ఒక రోజంతా ఆగి అప్పుడు కెమెరా తగిలించాలి. మే నెల ఎండ నేరుగా తగిలే పడమటి వైపయితే టేపుని నమ్మకండి. ఒక నైలాను దారంతో గ్రిల్లుకి అదనంగా కట్టి ఉంచితే ఊడినా కిందపడి పగలదు.

ఇవేవీ కుదరకపోతే? చెప్పుల స్టాండుమీదో, గుమ్మం పక్క గూట్లోనో ఊరికే నిలబెట్టండి. కెమెరా అంటే గోడమీదే ఉండాలని ఎవరన్నారు? పాత స్మార్టుఫోను డ్రాయర్లో పడి ఉంటే అది కూడా ఒక యాప్‌తో కెమెరాగా పనికొస్తుంది. కాకపోతే రోజంతా ఛార్జింగులో ఉంచితే పాత బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. అందుకని రెండు మూడు రోజుల అవసరానికే గానీ కాపురానికి పనికిరాదు.

కిటికీ అద్దం లోపల్నించి బయటికి చూసేలా పెడదామనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. పగలు బాగానే కనిపిస్తుంది. రాత్రయితే కెమెరాలోంచి వచ్చే కంటికి కనపడని వెలుగు అద్దానికి తగిలి వెనక్కొచ్చి, తెరంతా తెల్లగా అయిపోతుంది. యాప్‌లో ఆ రాత్రి వెలుగు ఆపేసి, బయట గుమ్మం దీపం వేసి ఉంచాలి. ఇంకో తమాషా, ఆ వెలుగుకి పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది, గూడు గాలికి ఊగినప్పుడల్లా అర్ధరాత్రి ఫోను 'టింగ్' మంటుంది. తులసి కొమ్మ ఊగినా అంతే. మనిషి కదిలితేనే చెప్పమని యాప్‌లో ఒక అమరిక ఉంటే అది పెట్టుకుని, వారానికోసారి కొబ్బరి చీపురుతో కాకుండా మెత్తటి గుడ్డతో దులపండి.

కరెంటు పోతే? మంచి ప్రశ్న. కరెంటు పోయినప్పుడే కదా మనకి భయం! కెమెరాకి బ్యాటరీ ఉన్నా వై-ఫై డబ్బా ఆగిపోతే ఫోనుకి బొమ్మ రాదు. ఆ డబ్బాకి చిన్న యూపీఎస్‌లు విడిగా దొరుకుతున్నాయి, అరచేతిలో పడతాయి, కొన్ని గంటలు నడుపుతాయి. లోపల మెమరీ కార్డు ఉంటే వై-ఫై లేకపోయినా చాలా కెమెరాలు దానిలో రాసుకుంటూనే ఉంటాయి. నెలనెలా డబ్బు కట్టే క్లౌడ్ కంటే మామూలు ఇంటికి ఈ కార్డే మేలని నా ఉద్దేశం. సెకనుకి ఒక మెగాబిట్ చొప్పున రాసే కెమెరాకి రోజుకి దాదాపు 11 జీబీ పడుతుంది, అంటే 64 జీబీ కార్డులో ఐదారు రోజుల బొమ్మ నిలుస్తుంది. ఆ తరవాత పాతది చెరిపి కొత్తది రాస్తుంది. ఐదు రోజుల కిందటి బొమ్మతో మనకేం పని? బ్యాటరీ కెమెరాలు మాత్రం కదలిక వస్తేనే మేల్కొంటాయి. అపార్టుమెంటు వరండాలో దారినపోయే ప్రతివాళ్లకీ మేల్కొంటూ ఉంటే బ్యాటరీ తొందరగా దిగిపోతుంది.

లోపలికి తిప్పితే?

ఇంతవరకూ గుమ్మం సంగతి. కొన్నాక నాలుగు రోజులకి ఒక ఆలోచన వస్తుంది ఇంట్లోవాళ్లకి. 'ఎలాగూ ఉంది కదా, హాల్లో కూడా ఒకటి పెడితే పోలా?' అని. మేకు అక్కర్లేని సుఖంలో ఉన్న ప్రమాదం ఇదే. వైరింగు చేయించే రోజుల్లో కెమెరా చోటు మార్చాలంటే మళ్లీ మనిషిని పిలవాలి, ఖర్చు పెట్టాలి, ఇంట్లో అందరికీ తెలియాలి. ఇప్పుడు అర నిమిషంలో గుమ్మంలోంచి తీసి హాల్లో టీవీ పక్కన పెట్టేయొచ్చు.

నాకు బాగా తెలిసిన ఒక అమ్మాయి ఉంది. పెళ్లయి నాలుగేళ్లు, బాబుకి ఏడాదిన్నర. బాబుని చూసుకోవడానికని హాల్లో కెమెరా పెట్టారు. మంచి ఉద్దేశమే, ఆ అమ్మాయి కూడా సరేనంది. ఆ బొమ్మ భర్త ఫోన్లోనూ, వేరే ఊళ్లో ఉండే అత్తగారి ఫోన్లోనూ వస్తుంది. ఆ అమ్మాయి ఫోన్లో రాదు! మనవణ్ణి చూసుకోవాలని ఆవిడకి ఆశగా ఉండడం సహజం, తప్పేం లేదు. కానీ కొన్నాళ్లకి ఫోన్లు మొదలయ్యాయి. 'పదకొండయింది, ఇంకా స్నానం కాలేదా?' 'ఎవరమ్మా ఆ వచ్చినావిడ?' 'మీ అమ్మతో అరగంట మాట్లాడావు, ఏమిటట?' ఈ కెమెరాలకి చెవులు కూడా ఉంటాయన్న సంగతి ఆ అమ్మాయికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు పుట్టింటికి ఫోన్ చేయాలంటే పెరట్లోకి వెళ్తుంది. తన ఇంట్లో తను గొంతు తగ్గించి మాట్లాడే ఆ పిల్లని చూస్తే నాకు కడుపులో చేయి పెట్టి దేవినట్టయింది.

'తప్పు చేయనప్పుడు భయమెందుకు?' అంటారు కొందరు. నేనొప్పుకోను. మధ్యాహ్నం కాసేపు కాళ్లు బారజాపుకుని పడుకోవడం తప్పా? చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని ఇల్లు కడుక్కోవడం తప్పా? పిల్లవాడికి పాలివ్వడం, ఉడుకుమోత్తనం వచ్చి ఒక్కర్తే కూర్చుని ఏడవడం తప్పా? తప్పులు కావు. కానీ ఎవరైనా చూస్తుంటే చేయలేం. ఇల్లంటే ఎవరూ చూడని చోటు అని కదా మనం అనుకునేది! అదే కెమెరా భర్తగారి ఆఫీసు బల్లమీద పెట్టి, దాని బొమ్మ అత్తవారింటికి పంపిద్దామంటే ఎంతమంది ఒప్పుకుంటారు?

ఇది ఆడవాళ్ల సణుగుడు అనుకునేవాళ్ల కోసం కోర్టు మాట కూడా చెబుతాను. 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పిచ్చింది. కోల్‌కతాలో ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరు అన్నదమ్ముల మధ్య ఇంటి లోపలి కెమెరాల గురించే తగాదా వస్తే, కలిసి ఉంటున్న మనిషి ఒప్పుకోకుండా నివాసపు భాగంలో వాటిని నడపడం అతని గోప్యతకి భంగమని కలకత్తా హైకోర్టు 2025లో చెప్పింది. దానిమీద పెట్టుకున్న అప్పీలుని అదే ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు కొట్టేసింది. సొంత అన్నదమ్ముల విషయంలోనే ఒప్పుదల కావాలంటే, కోడలి ఒప్పుదల అక్కర్లేదా?

ఇక స్నానాల గది, బట్టలు మార్చుకునే గది సంగతైతే అది ఇంట్లోవాళ్ల తగాదా కాదు, నేరం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను ప్రకారం ఆడమనిషిని అలాంటి ఏకాంతంలో చూసినా, చిత్రించినా మొదటిసారి ఏడాదికి తక్కువ కాకుండా మూడేళ్లదాకా జైలు. రెండోసారి అయితే మూడు నించి ఏడేళ్లు. హాస్టళ్లలో ఉండే మన ఆడపిల్లలకి ఈ ఒక్క అంకె చెప్పి ఉంచండి.

పనిచేసే ఆవిడ గురించి కూడా ఒక మాట. ఆవిడకి చెప్పకుండా వంటింట్లో కెమెరా దాచడం నాకు మర్యాదగా తోచదు. అనుమానమైతే బీరువాకి తాళం వేసుకోవచ్చు. పసిపిల్లని ఆవిడ చేతిలో పెట్టి ఉద్యోగానికి వెళ్లే తల్లి కెమెరా పెట్టుకోవాలనుకుంటే అందులో న్యాయముంది, ఆ తల్లి బెంగ నాకు తెలుసు. కానీ చెప్పి పెట్టండి. 'ఇదుగో, ఇక్కడుంది, పాపని చూసుకోవడానికి' అని చూపిస్తే సరిపోతుంది. మంచాన పడ్డ పెద్దావిడ గదిలో అయితే ఆవిడనే ముందు అడగాలి. ఒప్పుకున్నా సరే, ఒళ్లు తుడిచే వేళ, బట్టలు మార్చే వేళ కెమెరాని గోడవైపు తిప్పేయాలి. మంచాన ఉన్నంతమాత్రాన సిగ్గు పోతుందా?

పాస్‌వర్డ్ ఆవిడది

అందుకే నేనంటాను, కెమెరా డబ్బా విప్పి మొదటిసారి యాప్‌లో పేరు నమోదు చేసేటప్పుడు ఇంట్లో పగలు ఉండే ఆవిడ ఫోను నెంబరుతోనే చేయాలి. మొదట నమోదైన ఫోనే యజమాని. మిగతావాళ్లకి చూసే హక్కు ఇవ్వాలన్నా తీసేయాలన్నా ఆ ఫోన్లోంచే. కెమెరా కింద ఉన్న క్యూఆర్ కోడ్‌ని ఫోనుకి చూపించి, వై-ఫై పాస్‌వర్డ్ కొట్టడం... పచ్చళ్ల కొలతలు నోటికొచ్చినవాళ్లకి ఇదేమంత విద్య కాదు. చాలా చవక కెమెరాలు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైనే అందుకుంటాయి. ఇంట్లో రెండు రకాల పేర్లు కనిపిస్తుంటే '5జీ' అని లేనిది ఎంచుకోండి, చాలామందికి మొదటి మెట్టు దగ్గర ఆగిపోయేది ఇందుకే.

డబ్బాతో వచ్చిన పాస్‌వర్డ్ ఆ రోజే మార్చేయాలి. ఇది చాదస్తం కాదు. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆస్పత్రి లోపలి కెమెరాల బొమ్మలు, పరీక్షకొచ్చిన ఆడవాళ్లవి, ఇంటర్నెట్లో బయటపడ్డాయి. వాటిని డబ్బుకి అమ్ముకున్నారు కూడా. అక్కడి కెమెరాల పాస్‌వర్డ్ 'అడ్మిన్123' అని తరవాత పత్రికల్లో వచ్చింది. డబ్బాతో వచ్చింది వచ్చినట్టే ఉంచేశారన్నమాట! ఆ ఆడవాళ్లు అందులో చేసిన పొరపాటేముంది చెప్పండి? ఎవరో మార్చని ఒక్క పాస్‌వర్డుకి వాళ్లెందుకు తలదించుకోవాలి? ఇలాంటి కష్టం ఎవరికైనా వస్తే జాతీయ సైబర్ క్రైం పోర్టల్‌లో స్త్రీలు, పిల్లల ఫిర్యాదులకి విడిగా చోటుంది, అక్కడ పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

ఇంటి పేరూ, పెళ్లి తేదీ, పిల్లాడి ముద్దుపేరూ పాస్‌వర్డులుగా పెట్టకండి, అవి చుట్టాలందరికీ తెలుసు. యాప్‌లోకి వెళ్లాలంటే ఫోనుకి ఓటీపీ వచ్చే ఏర్పాటు ఉంటే అది పెట్టుకోండి. ఎవరెవరి ఫోన్లలో బొమ్మ వస్తోందో ఆ జాబితా నెలకోసారి తెరిచి చూసుకోండి. బిగించడానికొచ్చిన కుర్రాడి ఫోను అందులో ఉంటే, అది మొదటి రోజే తీసేయాలి. మైకు ఆపేసే మీట కూడా యాప్‌లో ఉంటుంది, గుమ్మం కెమెరాకి చెవులు అక్కర్లేకపోతే ఆపేయండి. బజారులో మరీ చవగ్గా, పేరూ ఊరూ లేని డబ్బాల్లో వచ్చేవాటి జోలికి నేను పోను. ఈ కెమెరాల భద్రతకి కేంద్ర ప్రభుత్వం 2024లో నిబంధనలు ప్రకటించి 2025 ఏప్రిల్ నుంచి అమల్లో పెట్టింది, పరీక్ష ప్యాసైన సరుకేనా అని షాపువాణ్ణి అడగడానికి మనకి హక్కుంది.

ఎదురింటివాళ్ల సంగతి మరిచిపోకూడదు. అపార్టుమెంట్లలో గుమ్మాలు ఎదురెదురుగా ఉంటాయి. మన కెమెరా తిన్నగా పెడితే వాళ్ల హాలు సగం మన ఫోన్లో కనిపిస్తుంది. మనకి ఎంత ఇబ్బందో వాళ్లకీ అంతే కదా! కాపలా పేరుతో పక్కింటివాళ్ల వ్యవహారాల్లోకి తొంగిచూడ్డం కుదరదని 2023లో కేరళ హైకోర్టు కూడా అంది. కాస్త కిందికి వంచి మన గుమ్మమూ, కాలిపట్టా కనిపించేలా పెట్టుకుంటే చాలు. చాలా యాప్‌లలో వాళ్ల తలుపు మీదికి నల్లటి ముసుగు వేసే వీలుంటుంది. అది వేసి, వాళ్లని పిలిచి ఒకసారి ఫోన్లో చూపించండి. కాఫీ ఇచ్చి చూపిస్తే మరీ మంచిది. ఆ తరవాత మీరు ఊళ్లో లేనప్పుడు మీ గుమ్మం వంక ఒక కన్నేసి ఉంచేది వాళ్లే.

ఇల్లు ఖాళీ చేసే రోజు వచ్చిందనుకోండి. టేపుని గోరుతో పీకకండి, హెయిర్ డ్రయ్యరు వేడి కాసేపు తగలనిచ్చి, వెనకనించి పట్టు దారాన్ని రంపంలా లాగితే చెక్క పాలిష్ చెడకుండా వచ్చేస్తుంది. మిగిలిన జిగురు కొబ్బరినూనెతో రుద్దితే పోతుంది. గ్రిల్లు టైలు కత్తెరతో కత్తిరించేయండి, దాచిపెట్టిన పాత మ్యాజిక్ ఐ, పాత బల్బు ఎక్కడివక్కడ పెట్టేయండి. కెమెరా వేరేవాళ్లకి ఇచ్చేస్తున్నా, అమ్మేస్తున్నా కార్డు బయటికి తీసి, వెనకున్న రీసెట్ బొత్తాం పిన్నుతో నొక్కి, యాప్‌లోంచి దాని పేరు తొలగించాకే ఇవ్వండి. అప్పుడు ఇంటావిడని పిలిచి గోడలన్నీ చూపించి, అడ్వాన్సు మొత్తం అడిగి తీసుకోండి. పెయింటింగు పేరు చెప్పి ఒక నెల అద్దె పట్టుకుంటానంటే... దానికి మాత్రం నా దగ్గర యాప్ లేదు.